మా బావ మెడ, నా భుజాలు

ఈరోజు సాయంత్రం జిమ్ములో ఒక కొత్త మనిషి బెంచీ మీద కూర్చుని షోల్డర్ ప్రెస్ చేస్తున్నాడు. రాడ్డు లేస్తున్నకొద్దీ అతని గడ్డం కూడా లేచింది. రాడ్డు నెత్తి దాటి పైకి వెళ్ళేసరికి తల పూర్తిగా వెనక్కి వాలిపోయింది, మెడ వెనక చర్మం మడతలు పడింది, కళ్ళు మాత్రం ఆ ఇనుము మీదే ఉన్నాయి. నా పని నేను చూసుకుందామనుకున్నాను గానీ కాళ్ళు మాట వినలేదు. దగ్గరికెళ్ళి, గడ్డం కాస్త లోపలికి పెట్టి ఎదురుగా అద్దంలోకి చూడండి, రాడ్డుని చూడకండి అని చెప్పాను. అతను రాడ్డు దించి, చెమట తుడుచుకుని, "నువ్వు కోచ్‌వా అన్నా?" అని అడిగాడు. కాదన్నాను. "డాక్టరువా?" కాదన్నాను. "మరేటి సేత్తావు?" క్రేన్లు బాగుచేస్తానన్నాను. ఆ జవాబుకీ తన మెడకీ సంబంధం ఏమిటో అతనికి అర్థం కాలేదు. నవ్వి మళ్ళీ రాడ్డు ఎత్తాడు. ఈసారి అద్దంలోకే చూశాడు. నా మీద గౌరవంతో కాదు, నేను ఇంకా వెనకే నిలబడి ఉన్నానా, వెళ్ళిపోయానా అని చూసుకోవడానికి.

సంబంధం ఉంది. అది చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. బావ అంటే మా అక్క మొగుడు. మా ప్రాంతంలో మగవాళ్ళు బస్సులో పక్క సీటువాడిని కూడా బావా అనే పిలుస్తారు గనక ఈ వివరం అవసరం. నేనాయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. రెండు కుటుంబాలవీ ఎలమంచిలి దగ్గర పల్లెలు, వరీ చెరుకూ పండించుకునే ఇళ్ళు. ఇప్పుడు బావా నేనూ గాజువాక అవతల ఒక రోలింగ్ మిల్లులో పనిచేస్తున్నాం. ఆయన క్రేన్ ఆపరేటర్, నేను ఆ క్రేన్లని బాగుచేసే విభాగంలో ఇంజనీరుని. గాజువాకలో కింది వాటాలో అక్కా బావా ఉంటారు, మేడ మీద గదిలో నేనుంటాను. అన్నం కింద, నిద్ర పైన.

మా మిల్లులో క్రేనంటే రోడ్డు మీద కనిపించే కొంగమెడ క్రేను కాదు. షెడ్డు పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక పెద్ద దూలం ఉంటుంది. అది రెండు పక్కలా పట్టాల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంది. దానికింద గాజు పెట్టెలాంటి క్యాబిన్ వేలాడుతూ ఉంటుంది. అందులో కూర్చున్నవాడు షిఫ్టు పొడుగునా తన పాదాల మధ్యలోంచి కిందికి చూస్తూ, మీటలు కదుపుతూ, ఎర్రగా కాలి చల్లారిన ఇనప దిమ్మెల కట్టలని ఎత్తి ఇంకోచోట దించుతాడు. ఆ పనికి సూత్రాలు చాలా ఉన్నాయి, గోడ మీద రంగులతో రాసి పెట్టారు. బావ పాటించేది మాత్రం ఒక్కటే. లోడు గాల్లో ఉన్నంతసేపు దానిమీంచి కన్ను తీయకూడదు. ఎందుకంటే కింద మనుషులుంటారు.

ఆ అలవాటుని ఆయన మిల్లు గేటు దగ్గర వదిలి వచ్చేవాడు కాదు. ఇంటికి గ్యాస్ బండ తెచ్చిన మనిషి దాన్ని భుజం మీంచి దించి నేలకి ఆనించేదాకా గుమ్మంలో కదలకుండా నిలబడేవాడు. ఒకసారి పూర్ణా మార్కెట్లో ఎవరిదో దుకాణం ముందు లారీలోంచి బెల్లం బుట్టలు దింపుతుంటే, చివరి బుట్ట దిగేదాకా రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. అక్క చింతపండూ ఎండుమిరపకాయలూ బేరమాడి కొని, తిరిగి వచ్చి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు. ఇక వాళ్ళ పెళ్ళి ఫోటోల సంగతి మా ఇళ్ళలో అందరికీ తెలిసిందే. తాళి కడుతున్న ఫోటోలన్నింటిలోనూ మా బావ నడినెత్తి తప్ప మొహం లేదు. "ముడి పడిందాకా కన్ను తియ్యనేదు మరి. ఫోటోలవోడు ఇటు సూడండి, ఇటు సూడండని అరిసి అరిసి గొంతు పోగొట్టుకున్నాడు" అని అక్క ఇప్పటికీ చెబుతుంది. నేను కూడా ఆ మాటకి ప్రతిసారీ నవ్వేవాణ్ణి. ఈమధ్య నవ్వు సగంలో ఆగిపోతోంది.

బావని జిమ్ములో చేర్పించింది నేను. నేను చేరి అప్పటికి కొన్నాళ్ళే అయింది, కొత్తగా మతం పుచ్చుకున్నవాడికుండే ఉత్సాహం నాలో ఉంది. ఏ పనికైనా ముందు కారణాలు వరసగా పేర్చుకోవడం నా అలవాటు. బావ విషయంలోనూ పేర్చాను: క్యాబిన్లో వంగి కూర్చుని కూర్చుని ఆయన భుజాలు ముందుకి ఒరిగిపోతున్నాయి, పొట్ట వస్తోంది, మీటలు కదిపే మోచేతుల దగ్గర తప్ప ఒంట్లో ఇంకెక్కడా కదలిక లేదు. అన్నీ నిజాలే. వాటి కింద రాయని కారణం ఇంకోటుంది, ఒక్కణ్ణే వెళ్ళాలంటే నాకు బిడియంగా ఉండేది. అక్క ఒప్పుకోలేదు. "పొద్దల్లా ఇనుమే, సాయింత్రం కూడా ఇనుమేనేటిరా? ఆయన్నొగ్గీ" అంది. బావ మాత్రం సరదాపడ్డాడు. "పొద్దల్లా నానెత్తేది మీటలే కదే. ఇనుం ఎత్తేది మోటారు. అదెంత బరువుంటాదో ఒక్కసారి నాను కూడా ఎత్తి సూత్తాను" అన్నాడు.

మా జిమ్ము గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక టైర్ల షాపు పైన ఉంటుంది. మెట్లెక్కుతుంటే కొత్త రబ్బరు వాసన వెంట వస్తుంది, కిటికీలోంచి షేర్ ఆటోలవాళ్ళ కేకలు వినబడతాయి. జిమ్ము మాస్టారు పోటీలకి వెళ్ళేవాళ్ళని మాత్రమే దగ్గరుండి చూస్తారు. మిగతావాళ్ళం ఆయనకి సీలింగు ఫ్యాన్లలాంటివాళ్ళం, తిరుగుతున్నామా లేదా అన్నదే ముఖ్యం. అందుకని బావకి గురుత్వం నేను తీసుకున్నాను. జిమ్ములో రోజుకో అవయవానికి పని. మొదటి భుజాల రోజున, చేతులకి రాసుకునే సుద్దతో రబ్బరు చాప మీద బొమ్మ గీశాను. రెండు చేతులకి రెండు గీతలు, వాటిమీద బరువు కిందికి లాగుతున్నట్టు బాణాలు, భుజం దగ్గర ఒక చుక్క. కాలేజీలో దూలాల మీద బరువులకి ఎలా గీసేవాళ్ళమో అలాగే. బావ నడుం మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "తలకాయేది బావా?" అని అడిగాడు. "ఇందులో తలకి పనిలేదు బావా" అన్నాను. "అయితే మనకి సరిపోయిన పనే" అని ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.

ఆయన రాడ్డు ఎత్తే తీరు చూసి నేను మురిసిపోయేవాణ్ణి. రాడ్డు ఛాతీ దగ్గర కదిలిన క్షణం నుంచి తిరిగి ఛాతీ దగ్గరికి వచ్చేదాకా కన్ను తిప్పేవాడు కాదు. అది నెత్తి మీదికి వెళితే చూపూ నెత్తి మీదికే వెళ్ళేది. తల వెనక్కి విరిగి, గొంతు ముడి పైకి పొడుచుకొచ్చి, పైకప్పుకి దణ్ణం పెడుతున్నట్టు ఉండేవాడు. ఒకసారి మాస్టారు అటుగా వెళుతూ, "తల దించమనవయ్యా మీ బావని" అన్నారు. నేను గర్వంగా, "క్రేన్ ఆపరేటరండీ, లోడు మీంచి కన్ను తీయడు" అని జవాబిచ్చాను. మాస్టారు నవ్వేసి వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళకి, టీ తాగుతూ బావ మెడ రుద్దుకోవడం మొదలుపెట్టాడు. భుజాల రోజున ఎక్కువగా, మిగతా రోజుల్లో తక్కువగా. "ఇక్కడేదో లాగుతంది బావా" అనేవాడు. కొత్త కండ కదా, అలవాటవుతుంది అనేవాణ్ణి. నాకు తెలిసిన జవాబు అదొక్కటే, దాన్నే అడిగినప్పుడల్లా ఇచ్చేవాణ్ణి.

ఒక పొద్దున్న కింద నుంచి అక్క కేకేసింది. వెళ్ళి చూస్తే బావ మంచం అంచున కూర్చుని, గుడిలో విగ్రహంలా ఎదురు గోడని చూస్తున్నాడు. నన్ను పలకరించడానికి మొండెం మొత్తం తిప్పాల్సి వచ్చింది. "పట్టీసింది బావా, అంతే. ఎక్కితే సర్దుకుంటాది" అన్నాడు. సెలవు పెట్టమన్నాను, వినలేదు. ఇద్దరం కలిసే మిల్లుకి వెళ్ళాం. ఆయన నిచ్చెనెక్కి క్యాబిన్లోకి వెళ్ళడం కింద నుంచి చూశాను. కాసేపటికి ఆయన క్రేను ఏమీ ఎత్తకుండానే, ఖాళీ హుక్కు పైకి లాక్కుని, షెడ్డు చివరికి నడిచి ఆగింది. బావ దిగుతున్నాడు. కిందికి చూడలేక, పాదంతో తడుముకుంటూ, ప్రతి మెట్టునీ కాలికి తగిలాకే నమ్ముతూ దిగాడు. ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, "మెడ వొంగడం లేదు సార్. హుక్కు కనపడకండా లోడెత్తలేను. ఇంకోన్ని ఎక్కించీండి" అన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. ఆయనే దిగిపోయాడు.

మిల్లు డాక్టరు ఎక్స్‌రే తీయించి, మెడకి కాలర్ పెట్టి, బావని నేల మీది పనికి మార్చారు. దిమ్మెల కట్టకి గొలుసులు తగిలించి, పైనున్న ఆపరేటరుకి చేత్తో సైగ చేసే పని. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. మెడ సరిగా తిరిగితే క్యాబిన్, తిరగకపోతే శాశ్వతంగా స్టోరు. స్టోరు పేరు చెబితేనే బావ మొహం వాడిపోయేది. అక్కడ నట్లూ బోల్టులూ డబ్బాల్లో, డబ్బాలు అరల్లో ఉంటాయి. గాల్లో ఏమీ ఉండదు. తన చూపు అవసరమైన వస్తువు ఒక్కటీ ఉండదు.

ఆ రోజు సాయంత్రమే నేను ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. జిమ్ములో చేర్పించింది నేను, ఎత్తడం నేర్పింది నేను, నొప్పంటే అలవాటవుతుందన్నది నేను. చెప్పాక మనసు తేలికవుతుందనుకున్నాను. కానీ మా ఇంట్లో తప్పుని ఒకడికే వదిలేసే ఆచారం లేదు. "నువ్వేటి సేసినావురా? తలగడలో దూది మార్సినది నాను. గట్టిగా కూరీసినాను" అని అక్క కళ్ళొత్తుకుంది. పల్లె నుంచి ఫోన్లో మా అమ్మ, "దిష్టి. మేనల్లుడి పెళ్ళిలో అల్లుడు ఎర్ర సొక్కా ఏసుకున్నాడు, అందరూ సూసీసినారు. వొద్దని సెప్పాల్సింది నానే" అంది. బావేమో కాలర్ మీంచి గడ్డం ఎత్తలేక, కళ్ళు మాత్రం నావైపు తిప్పి, "అందరూ తలో ముక్కా తీసీసుకుంటే నాకేటి మిగిలింది? మెడ నాది" అన్నాడు. అందరూ నవ్వారు. నా తప్పు ఆ నవ్వుల్లో కలిసిపోయింది గానీ, రాత్రి మెట్లెక్కుతుంటే నాతోపాటే పైకి వచ్చింది.

జిమ్ము మానేద్దామనుకున్నాను. బావ మాననివ్వలేదు. "నువ్వు మానీసినావంటే మీ అక్క నిజంగానే నీవల్లనుకుంటాది. ఎల్లు" అని సాయంత్రం అయ్యేసరికి తరిమేవాడు. అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి ఉండదేమో. బావ కాలర్ పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంటే, ఆయన ముందునుంచే నేను టవలు భుజాన వేసుకుని వెళ్ళేవాణ్ణి. భుజాల రోజు రాడ్డు నెత్తిమీదికి వెళ్ళగానే నా మెడ వెనక కూడా ఒక తీగ లాగినట్టయ్యేది. అది నిజమైన నొప్పో, నేను కోరుకున్న నొప్పో తేల్చుకోలేకపోయేవాణ్ణి. పైపెచ్చు నా భుజాలు పెరిగాయి. చొక్కాలు బిగుతయ్యాయి. ఒక ఆదివారం కిందికి వచ్చేసరికి అక్క కుట్టుమిషను ముందు కూర్చుని నా చొక్కాల భుజాల దగ్గర కుట్లు విప్పి వదులు చేస్తోంది. పక్కనే బావ, సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాడు, తల వంచకుండా సూదిని కళ్ళ ఎదురుగా ఎత్తి పట్టుకుని. "బాగా ఎదిగినావురా" అంది అక్క, నిజంగానే సంతోషంగా. నేను చొక్కా తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయాను.

కాలర్ తీశాక బావని ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. గోదావరి వైపు మనిషి, ప్రతి మాట చివరా 'అండి' అంటారు. అంతా విని, మూలనున్న తేలిక కర్ర బావ చేతికిచ్చి, "ఏదండీ, అక్కడ ఎలా ఎత్తేవారో ఓసారి చూపించండి" అన్నారు. బావ కర్ర పట్టుకుని ఎత్తాడు. కర్రతోపాటు చూపూ ఎక్కింది, మెడ మధ్యలో పట్టేసి ఆగిపోయాడు.

"అటెందుకండీ చూస్తారు?"

"లోడు గాల్లో ఉండగా కన్ను తీసీమంటే ఎలగండి? కింద మనుసులుంటారు."

"ఇక్కడ కింద ఉన్నది మీరొక్కరే కదండీ."

"మరి నాను మనిసిని కానేటండీ?"

ఆవిడ గట్టిగా నవ్వారు. నవ్వడం అయ్యాక, కర్ర తీసుకుని పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పారు. "ఆ చూపే మెడని నలిపేసిందండీ. పగలంతా ముందుకి వంచి ఉంచుతున్నారు, సాయంత్రం బరువు పెట్టుకుని వెనక్కి విరుస్తున్నారు. బరువు మీ చేతుల్లోనే ఉంది కదండీ, అదెక్కడుందో చేతులకి తెలుసు. కళ్ళు ఎదరకి ఉంచండి." నాకు రబ్బరు చాప మీద తల లేని నా బొమ్మ కనిపించింది. మా మిల్లులో ఏదైనా విరిగితే కారణాలు రాసి, దేనివల్ల ఎంతో తేలుస్తాం. ఆ అలవాటు కొద్దీ, "మరి ఇందులో క్యాబిన్ వాటా ఎంత, జిమ్ము వాటా ఎంతండీ?" అని అడిగాను. "వాటాలేంటండీ, ఇదేమన్నా పొలమా?" అన్నారు ఆవిడ. బయటికి వచ్చాక బావ నా వీపు చరిచి, "ఇన్నావు కదా, నీది కాదు" అన్నాడు. ఆవిడ అలా అనలేదు, వాటాలు తేలవని అన్నారంతే అన్నాను. "అదే మరి" అన్నాడు బావ.

ఇంటి దగ్గర చేయాల్సినవి ఆవిడ కొన్ని చెప్పారు. గోడకి ఆనుకుని కూర్చుని గడ్డం లోపలికి లాక్కోవడం, దానికి అక్క పెట్టిన పేరు 'కొత్తకోడలి సిగ్గు'. తర్వాత ఖాళీ చేతులతో, ఆపైన కర్రతో ఎత్తడం, కంటికి సమానంగా ఉన్న ఏదో ఒక వస్తువునే చూస్తూ. మొదట గోడ మీది క్యాలెండరు పెట్టాం. కర్ర చెవులు దాటగానే బావ చూపు జారిపోయేది. అద్దం పెట్టాం, అద్దంలో కూడా ఆయన కర్రనే చూశాడు. చివరికి అక్క తోటకూర కట్టలు తెచ్చుకుని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "నన్ను సూడు. ఆ కర్రనేటి సూత్తావు, దానికేటి ముక్కా మొహమా?" బావ చూశాడు. కర్ర లేచింది, చూపు లేవలేదు. మళ్ళీ లేచింది, మళ్ళీ అంతే. కాసేపటికి అక్క చేతులు కూర మీద ఆగిపోయాయి.

"ఏటలగ సూత్తన్నావు?"

"మేడమ్ సూడమన్నారు."

"నన్నని సెప్పినారేటి?"

"ఎదర ఏటుంటే దాన్ని సూడమన్నారు."

"పెళ్ళైన ఇన్నేళ్ళకి ఎదర నానున్నానని కనపడింది! అదీ డాక్టరమ్మ సెప్తే" అంది అక్క, పైట సర్దుకుంటూ. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. నా మనసులో ఏదో వదులైంది. మరుక్షణమే, నేను చేసిన నష్టంలోంచి కాస్త మంచి పుడితే దానికి సంతోషించే హక్కు నాకుందా అనిపించి, అది మళ్ళీ బిగుసుకుంది. చప్పుడు చేయకుండా పైకి వెళ్ళాను.

పరీక్ష రోజు నేనూ బావ వెంట మిల్లు డాక్టరు గదికి వెళ్ళాను. కిందికి చూడమన్నారు, చూశాడు, గడ్డం ఛాతీకి ఆనింది. కుడివైపు తిప్పమన్నారు, తిప్పాడు. ఎడమవైపు తిప్పమంటే మెడ సగంలో ఆగింది. "మొండెం కదపకుండా" అన్నారు డాక్టరు. బావ కణతల మీద చెమట పట్టింది గానీ మెడ అంతకన్నా రాలేదు. డాక్టరు మంచివారే. పెన్ను తిప్పుతూ నావైపు చూసి, "మీరు క్రేన్ల ఇంజనీరు కదా. క్యాబిన్లో ఎడమవైపు చూడాల్సిన అవసరం ఎంతుంటుంది?" అని అడిగారు. లోడు కిందే కదండీ ఉండేది అని చెబితే చాలు, సంతకం పెట్టేసేవారు. అది అబద్ధం కూడా కాదు, నిజంలో ఒక ముక్క. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడిదాకా తెచ్చింది బావ మీద ప్రేమ ఒక్కటే కాదు, నా బరువు దిగిపోతుందన్న ఆశ కూడా. నేను నోరు తెరిచేలోగా బావే అన్నాడు. "అదే పట్టాల మీద ఎడం పక్క ఇంకో క్రేనుంటాది సార్. సూసుకోపోతే గుద్దీసుకుంటాయి. సూడాలి."

డాక్టరు కాగితం పక్కన పెట్టేశారు. ఇంకొంతకాలం నేల మీది పనే, అప్పటికీ రాకపోతే స్టోరే అన్నారు. బయటికి వచ్చి చెట్టుకింద నిలబడ్డాం. అప్పుడే, అంత ఆలస్యంగా, నాకు ఒక చిన్న సంగతి తట్టింది. ఆ షెడ్డులో పట్టాల మీద క్రేన్లు రెండు. బావ క్రేనుకి ఎడమవైపు రెండోది ఉంటుంది. రెండోదానికి? ఎడమవైపు గోడా, పట్టాల చివర అడ్డంగా కట్టిన దిమ్మా, అంతే. దానిమీద కూర్చున్నవాడు చూసుకోవాల్సిన పొరుగు క్రేను కుడివైపు ఉంటుంది. ఆ రెండు క్రేన్లనీ అన్నాళ్ళూ రోజూ చూస్తున్నాను, వాటికి నూనె పెడుతున్నాను, బోల్టులు బిగిస్తున్నాను. నా తప్పెంత, నా వాటా ఎంత అని లెక్కేసుకోవడంలో పడి, బావకి ఏం పనికొస్తుందో ఆలోచించనే లేదు. తప్పు చేసిన బాధ కంటే ఆ తెలివితక్కువతనం ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రెండో క్రేను ఎక్కమని చెబితే బావ మొహం చిట్లించాడు. "ఆ ముసిల్దాన్నా? బ్రేకేత్తే గేదిలాగ మొరాయిత్తాది, ఒగ్గితే ఉరుకుతాది."

"బ్రేకు నేను చూసుకుంటాను బావా."

"సూసుకుంటావులే. దాన్ని బాగుసెయ్యకపోతే నీకు కూడు సయించదని నాకు తెల్దేటి?" అన్నాడు బావ. మొదటిసారి ఆయన నా బాధని కొట్టిపారేయకుండా, చూసినట్టు అన్నాడు. నేను నేల వైపు చూశాను.

ఫోర్‌మన్ రెండు రోజులు గొణిగాడు, డాక్టరు తానే షెడ్డులోకి వచ్చి క్యాబిన్లో కూర్చుని చూశారు, చివరికి ఆ ఒక్క క్రేనుకి మాత్రమే అని రాసి సంతకం పెట్టారు. బావ తన పాత క్రేనుని, అప్పటిదాకా ముసలి క్రేను నడిపిన కుర్ర ఆపరేటరుకి అప్పగిస్తూ, దాని మీటల్లో ఏది ఎంత నొక్కితే ఎలా కదులుతుందో చెబుతుంటే, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడి మొహంలా ఉంది ఆయన మొహం. ముసలి క్రేను బ్రేకు నేను విప్పాను, అరిగిన అట్టలు మార్చాను, మళ్ళీ విప్పాను, మళ్ళీ బిగించాను. ఇప్పటికీ వారానికొకసారి ఎవరూ చెప్పకుండానే దానిమీదికి ఎక్కుతాను. అది కొత్తదానిలా ఎప్పటికీ నడవదు. బావ దానితో నెమ్మదిగా, తిట్టుకుంటూ, రాజీపడుతూ పనిచేస్తాడు. జిమ్ముకి మళ్ళీ రాలేదు. ఇంట్లో కర్ర మాత్రం రోజూ ఎత్తుతాడు, అక్కని చూస్తూ.

ఎడమవైపు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. రోడ్డు మీద ఎవరైనా ఆ పక్కనుంచి పిలిస్తే ఆయన పాదాలతో సహా మొత్తం మనిషి తిరుగుతాడు, బండి మలుపు తిరిగినట్టు. అది చూడలేక నేను ఆయన కుడి పక్కన నడవడం మొదలుపెట్టాను. ఆటోలో, టీ కొట్టు బెంచీ మీద, పెళ్ళి బంతిలో, ఎక్కడైనా ముందే వెళ్ళి కుడి పక్క చోటు పట్టుకునేవాణ్ణి. ఎవరూ గమనించలేదనుకున్నాను. మొన్న షిఫ్టు దిగి టీ కొట్టువైపు నడుస్తుంటే బావ ఆగిపోయాడు.

"ఏటి బావా, ఎప్పుడు సూడు కుడి పక్కకే సేరతావు?"

"ఊరికే బావా."

"ఊరికే ఏటి? అటేపు తిరగాల్సిన పనే లేకపోతే ఇది ఎప్పుడు తిరుగుతాది? ఇటు రా. ఎడం పక్కకొచ్చి నన్ను పిలు."

వెళ్ళాను. రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతుంటే, పక్కనే ఉన్న మనిషిని, దూరంగా ఉన్నవాణ్ణి పిలిచినట్టు "బావా" అని పిలిచాను. ఆయన పాదాలు కదపలేదు. మెడ మెల్లగా, బిగుసుకుపోయిన బోల్టు కదిలినట్టు, ఇటు తిరిగింది, ఆగింది, ఇంకాస్త తిరిగింది. కంటి కొసతో నన్ను చూశాడు. "సెవి కనపడతంది. నిన్నటిదాకా ఎవులు పిలిసినా భుజమే కనపడీది. ఇంకొన్నాళ్ళకి ముక్కు కూడా వొచ్చీతాది, కంగారుపడకు" అని నడక సాగించాడు. నేను ఎడమ పక్కనే నడిచాను. గోడ మీది క్యాలెండరులో ఎన్ని కాగితాలు తిరగేసినా, నాకు సంబంధించినంతవరకూ కాలం గడిచేది మా బావ మెడ ఇటువైపు తిరిగినంత మేరే.